పాత మానిటర్, కొత్త కంప్యూటర్: తెర వెలగనప్పుడు సంఘం చేయవలసిన పనులు



పాల నమూనా తీయడం, కాటా సరిచూడడం, రిజిస్టర్లు రాయడం వంటి విషయాలు ఈ పేజీల్లో సభ్యులు చదువుతూనే ఉన్నారు. ఈసారి పాలకు నేరుగా సంబంధం లేనట్లు కనిపించే సంగతిని పాఠంగా తీసుకున్నాము. పాల కేంద్రంలో కంప్యూటర్ ముందుండే తెర, అంటే మానిటర్, వెలగకపోతే ఏమి చేయాలి? ముఖ్యంగా కంప్యూటర్ కొత్తదై మానిటర్ పాతదైనప్పుడు వచ్చే చిక్కులు ఏవి? వాటిని ఏ వరుసలో విప్పుకోవాలి? ఇది కార్యదర్శి ఒక్కరి పని అని సభ్యులు అనుకోరాదు. ఆ తెర మీద కనబడేది అందరి పాల లెక్క. ఆ తెర కోసం ఖర్చయ్యేది అందరి డబ్బు.

ఒక సంఘంలో జరిగినది

ఒక సంఘానికి తనిఖీకి వెళ్ళిన ఉదయం, పాలు పోసిన సభ్యులు ఇళ్ళకు పోకుండా కేంద్రం ముందే నిలబడి ఉన్నారు. ఆ సంఘంలో పాత సి.పి.యు. చెడిపోగా, అందులోని లెక్కలను కొత్త సి.పి.యు.లోకి ఎక్కించి తెచ్చారు. పాత మానిటర్ బాగానే ఉంది కనుక దానినే వాడదలచారు. కాని కొత్త పెట్టెకు కలిపిన తరువాత తెర మీద ఏమీ రాలేదు. నాలుగు రోజులు గడిచాయి. పది రోజుల పాల బిల్లు ఇవ్వవలసిన తేదీ దాటిపోయింది.

వరుసలో ముందున్న ఒక వృద్ధురాలు మమ్మల్ని చూసి ఇలా అడిగింది: "బాబూ, ఆ డబ్బా చీకటైపోయిందంటున్నారు. మరి నేను పోసిన పాల లెక్క ఎక్కడికి పోయింది?"

ఆ ప్రశ్నలో అనుమానం ఉంది. అనుమానం రావడం ఆమె తప్పు కాదు. వెనుక నిలబడినవారిలో ఒకరిద్దరు అప్పటికే కార్యదర్శి గారి వైపు వేరే చూపు చూస్తున్నారు. మరొక వైపు, కొత్త మానిటర్ కొనడానికి పాలకవర్గం తీర్మానం రాసి సంతకాలకు సిద్ధంగా ఉంచింది. లెక్క పోలేదని సభ్యులకు చూపించడం, అవసరం లేని ఖర్చును ఆపడం, ఈ రెండు పనులూ ఆ పూట మా ముందు ఉన్నాయి.

తెర వేరు, లెక్క వేరు

ముందుగా తెలుసుకోవలసినది ఇది. మానిటర్ లోపల మన లెక్క ఏదీ ఉండదు. లెక్క ఉండేది సి.పి.యు. పెట్టెలోని డిస్కులో. పెట్టె పంపిన బొమ్మను చూపించడం ఒక్కటే మానిటర్ పని. కిటికీ తలుపు మూసుకుంటే ఇంట్లో ధాన్యం మాయం కానట్లే, తెర ఆరిపోయినా లెక్క చెరిగిపోదు.

కనుక తెర వెలగనప్పుడు నాలుగు చోట్ల వెతకాలి. ఒకటి, కరెంటు. రెండు, మానిటర్. మూడు, సి.పి.యు. నాలుగు, ఆ రెండింటిని కలిపే వైరు, ఆ వైరు గుండా పోయే బొమ్మ తీరు. పాత మానిటర్‌ను కొత్త కంప్యూటర్‌కు కలిపినప్పుడు వచ్చే చిక్కుల్లో మేము చూసినవి ఎక్కువ భాగం ఈ నాలుగవదానిలోనే ఉన్నాయి. అయినా చాలామంది మొదటనే రెండవదానిపై నేరం మోపి, కొత్త మానిటర్ కొనుక్కు వస్తారు.

పాలు ఆగరాదు

తెర సంగతి తరువాత చూసుకోవచ్చు, పాలు ఆగవు. పాలు పరీక్షించే యంత్రానికి, ఎలక్ట్రానిక్ కాటాకు మామూలుగా వాటి సొంత అంకెల తెరలు ఉంటాయి. మానిటర్ లేకపోయినా లీటర్లు, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. వాటిపై కనబడతాయి. కనుక సభ్యులను వెనక్కి పంపే అవసరం లేదు. ఆ పూటకు చేతి రిజిస్టర్ తెరిచి సభ్యుని నంబరు, పాల పరిమాణం, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. రాసి, చీటీ ఇవ్వవలెను. పూట ముగియగానే చివరి గీత కింద కార్యదర్శి, పాలకవర్గ సభ్యుడు ఒకరు సంతకం చేయవలెను. తెర బాగుపడిన తరువాత అవే అంకెలు కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఎక్కించినట్లు రిజిస్టర్‌లో గుర్తు పెట్టాలి. ఈ పని జరిగితే అనుమానానికి తావుండదు.

ముందు జాగ్రత్తలు

1. మానిటర్ వెనుక మూతను సంఘంలో ఎవరూ విప్పరాదు. లావుగా, బరువుగా ఉండే పాత గాజు గొట్టం మానిటర్ లోపల ఇరవై వేల వోల్టులకు పైగా ఒత్తిడి ఉంటుంది. ప్లగ్గు పీకిన తరువాత కూడా కొంతకాలం అది నిలిచి ఉండగలదు. ప్రాణాపాయం.

2. తెర చీకటిగా ఉన్నదని సి.పి.యు. ప్లగ్గును పీకరాదు. లోపల కంప్యూటర్ పని చేస్తూ ఉండవచ్చు. డిస్కు మీద రాస్తున్న సమయంలో కరెంటు పోతే లెక్కలు నిజంగానే దెబ్బ తినవచ్చు. లేని నష్టాన్ని మనమే తెచ్చిపెట్టుకున్నట్లవుతుంది. పెట్టె మీది బటన్‌ను ఒకసారి మెల్లగా నొక్కి వదిలితే మామూలుగా కంప్యూటర్ తనంతట తానే సక్రమంగా మూసుకుంటుంది. ఫ్యాను చప్పుడు ఆగే వరకు వేచి ఉండాలి.

3. వైర్లు పీకడం, పెట్టడం రెండింటికీ కరెంటు ఆపి చేయాలి. తడి చేతులతో ముట్టరాదు. పాల కేంద్రంలో నేల తడిగా ఉంటుంది కనుక ఈ మాట మళ్ళీ చెబుతున్నాము.

4. ఒకసారి ఒకే మార్పు చేయాలి. వైరు, ప్లగ్గు, సెట్టింగు మూడూ ఒకేసారి మార్చితే తెర వెలగవచ్చు గాని, తప్పు ఎక్కడ ఉన్నదో తెలియదు. అది మళ్ళీ వస్తుంది.

ఇక మెట్టు మెట్టుగా చూద్దాము.

మొదటి మెట్టు: కరెంటు

మానిటర్ మీది చిన్న దీపం వెలుగుతున్నదా? వెలగకపోతే గోడ సాకెట్టుకు వేరే పరికరం తగిలించి అక్కడ కరెంటు ఉన్నదో లేదో చూడాలి. కరెంటు వైరు మానిటర్ వెనుక పూర్తిగా లోపలికి దిగిందా అని నొక్కి చూడాలి. యు.పి.ఎస్. ఉంటే దానిలో కొన్ని సాకెట్లకు బ్యాటరీ మద్దతు ఉండకపోవచ్చు, చూసుకోవాలి.

పాల శీతలీకరణ యంత్రం ఉన్న సంఘాలు మరొకటి గమనించాలి. దాని కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో వోల్టేజీ పడి మానిటర్ ఆరి వెలుగుతుంటే అది మానిటర్ జబ్బు కాదు. కంప్యూటర్‌కు వేరే లైను, మంచి ఎర్తింగు కావాలని అర్థం. ఆ పని ఎలక్ట్రీషియన్‌కు అప్పగించాలి.

రెండవ మెట్టు: మానిటర్ బాగున్నదా?

దీపం వెలుగుతూ తెర మాత్రం నల్లగా ఉంటే ఈ పరీక్ష చేయవచ్చు. మానిటర్‌కు కరెంటు ఉంచి, సి.పి.యు. నుంచి వచ్చే బొమ్మ వైరును తీసివేసి, మానిటర్‌ను ఆపి మళ్ళీ వెలిగించండి. చాలా మానిటర్లు "నో సిగ్నల్" అనో, "చెక్ కేబుల్" అనో కొద్ది క్షణాలు చూపిస్తాయి. ఆ మాట కనబడితే మానిటర్ బతికే ఉన్నట్లు లెక్క. తనకు బొమ్మ అందడం లేదని అదే మనకు చెబుతోంది.

మానిటర్‌కు వెనుక రెండు మూడు రకాల రంధ్రాలు ఉంటే, ఏ రంధ్రం నుంచి బొమ్మ తీసుకోవాలో దానికి చెప్పవలసి ఉంటుంది. ముందు భాగంలో "ఇన్‌పుట్" లేదా "సోర్స్" అని ఉండే బటన్ అందుకే. వైరు ఒక రంధ్రంలో ఉండి, బటన్ మరొక రంధ్రాన్ని ఎంచుకుని ఉంటే తెర నల్లగానే ఉంటుంది.

పలుచని మానిటర్ విషయంలో మరొక పరీక్ష ఉన్నది. గది చీకటి చేసి, కంప్యూటర్ నడుస్తుండగా టార్చిలైటు వెలుగును తెర మీదకు ఏటవాలుగా వేయండి. మసకగా అక్షరాలు కనబడితే బొమ్మ వస్తున్నది, తెర వెనుక వెలుగునిచ్చే దీపం గాని దాని సర్క్యూట్ గాని పోయింది. ఇది మెకానిక్ పని.

మూడవ మెట్టు: కంప్యూటర్ నడుస్తున్నదా?

కీబోర్డు మీద "నమ్ లాక్" అనే మీట ఉంటుంది. దానిని నొక్కితే పైనున్న చిన్న దీపం వెలిగి ఆరుతుంటే, తెర చీకటిగా ఉన్నా కంప్యూటర్ నడుస్తున్నదని నమ్మవచ్చు. ఆ దీపం ఉన్న కీబోర్డులకే ఈ పరీక్ష పనికివస్తుంది.

స్విచ్చి వేయగానే పెట్టె నుంచి వరుసగా కూతలు వస్తే లోపలి మెమరీ పలక కదలడం వంటి లోపం ఉండవచ్చు. ఎన్ని కూతలు, పొడుగువా పొట్టివా అని కాగితం మీద రాసి మెకానిక్‌కు చెబితే అతని పని సగం అయినట్లే.

ఇంకొక మాట. కొన్ని పెట్టెల వెనుక తెర వైరు పెట్టే చోట్లు రెండు ఉంటాయి. ఒకటి మిగతా రంధ్రాలతో కలిసి, మరొకటి కింద వేరే పట్టీ మీద. వేరే పట్టీ ఉన్నదంటే లోపల గ్రాఫిక్స్ కార్డు ఉన్నదన్న మాట. అప్పుడు మానిటర్ వైరును కార్డుకే పెట్టాలి. పైదానికి పెడితే చాలా పెట్టెల్లో బొమ్మ రాదు.

నాలుగవ మెట్టు: వైరు, పిన్నులు

పాత మానిటర్లకు ఎక్కువగా ఉండేది వి.జి.ఎ. అనే రంధ్రం. 1987లో ఐ.బి.ఎం. కంపెనీ తెచ్చిన పద్ధతి ఇది. ప్లగ్గులో అయిదేసి చొప్పున మూడు వరుసల్లో 15 పిన్నులకు చోటు ఉంటుంది. రెండు పక్కలా మరలు ఉంటాయి.

ప్లగ్గును వెలుతురులో పట్టి చూడండి. ఏదైనా పిన్ను వంగిందా, లోపలికి పోయిందా? మధ్య వరుసలో ఒక పిన్ను లేకపోతే భయపడనక్కరలేదు, ఫ్యాక్టరీలోనే అలా చేసిన వైర్లు చాలా ఉన్నాయి. ఒంగిన పిన్నును బలవంతంగా సాకెట్టులోకి తోయరాదు. మరలను చేతితో బిగిస్తే చాలు.

ఇక్కడ మా పొరపాటు ఒకటి చెప్పాలి. కొన్నేళ్ళ కిందట ఒక సంఘంలో తెర అంతా పసుపుగా మారిందని కొత్త మానిటర్ కొనుగోలుకు అనుమతించమని మా వద్దకు కాగితం వచ్చింది. మేము వెళ్ళి చూడకుండా సరే అన్నాము. కొత్త మానిటర్ వచ్చింది, పాత వైరుతోనే కలిపారు, అదీ పసుపుగానే వెలిగింది. తప్పు వైరులో ఒక పిన్నుది. సభ్యుల డబ్బు కొన్ని వేలు అనవసరంగా పోయింది. ఆ నాటి నుంచి పరీక్షలు రాసి లేని కొనుగోలు కాగితం మీద మేము సంతకం పెట్టడం లేదు.

తెర పసుపు ఎందుకయ్యిందో చూడండి. వి.జి.ఎ. వైరులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు వేర్వేరు పిన్నుల మీద పోతాయి. మూడూ కలిస్తే తెలుపు. నీలం అందకపోతే తెల్లని చోటు పసుపుగా, ఎరుపు అందకపోతే లేత నీలి ఆకుపచ్చగా, ఆకుపచ్చ అందకపోతే ముదురు గులాబీ రంగుగా కనబడుతుంది. కనుక తెర రంగు మారితే ముందు వైరు మార్చి చూడాలి. వైరు ఖరీదు తక్కువ, పక్కవారి దగ్గర అడిగి తెచ్చి చూస్తే అదీ ఖర్చు కాదు.

అయిదవ మెట్టు: రంధ్రం కలవనప్పుడు

కొత్త కంప్యూటర్లలో చాలావాటికి వి.జి.ఎ. రంధ్రం ఉండదు. ఇంటెల్, ఎ.ఎం.డి. వంటి కంపెనీలు 2010 డిసెంబరులోనే ఈ పాత పద్ధతిని 2015 నాటికి వదిలివేయనున్నట్లు ప్రకటించాయి. దాని స్థానంలో హెచ్.డి.ఎం.ఐ., డిస్‌ప్లేపోర్ట్ అనే రంధ్రాలు ఉంటాయి. హెచ్.డి.ఎం.ఐ. పద్ధతి 2002 చివరలోను, డిస్‌ప్లేపోర్ట్ 2006లోను వెలువడ్డాయి.

తేడా ప్లగ్గు ఆకారంలోనే కాదు. పాత వి.జి.ఎ. వైరులో రంగు ఎంత అన్నది కరెంటు ఒత్తిడి హెచ్చుతగ్గులుగా పోతుంది. లాక్టోమీటరు పాలలో కొంచెం పైకి, కొంచెం కిందికి తేలినట్లుగా అనుకోండి. కొత్త పద్ధతుల్లో అదే సంగతి అంకెలుగా పోతుంది, యంత్రం చీటీ మీద అంకె అచ్చు వేసినట్లుగా. ఒకదాని భాష మరొకదానికి తెలియదు.

బజారులో ఒక పక్క హెచ్.డి.ఎం.ఐ. ప్లగ్గు, మరొక పక్క వి.జి.ఎ. ప్లగ్గు ఉండి, మధ్యలో మార్చే చిప్పు ఏమీ లేని వట్టి వైర్లు కూడా అమ్ముతారు. ఇవి మామూలు కంప్యూటర్‌కు పని చేయవు. ఆవు పాలను గేదె పాల క్యానులో పోసినంత మాత్రాన వెన్న శాతం పెరుగుతుందా? ఇదీ అంతే. కావలసినది అంకెల భాషను పాత భాషలోకి మార్చే చిప్పు ఉన్న కన్వర్టర్. కొనేటప్పుడు మూడు సంగతులు అడగాలి.

ఒకటి, ఇది ఏ వైపు నుంచి ఏ వైపుకు మారుస్తుంది? మనకు కావలసినది హెచ్.డి.ఎం.ఐ. నుంచి వి.జి.ఎ.కు. దీనికి తిరకాసుది కూడా చూడడానికి ఇలాగే ఉంటుంది, మనకు పనికిరాదు.

రెండు, దీనికి వేరే కరెంటు కావాలా? కొన్నింటికి యు.ఎస్.బి. వైరు కూడా తగిలించాలి. అది తగిలించకపోతే తెర వెలగకపోవచ్చు, లేదా వెలిగి ఆరుతూ ఉండవచ్చు.

మూడు, పని చేయకపోతే వెనక్కి తీసుకుంటారా? తీసుకుంటే ఆ మాట రసీదు మీద రాయించుకోవాలి.

కొన్ని మధ్యకాలపు పెట్టెలకు డి.వి.ఐ. అనే వెడల్పాటి రంధ్రం ఉంటుంది. అందులో చదునైన గాటు చుట్టూ నాలుగు చిన్న రంధ్రాలు ఉంటే పాత భాష కూడా అందులో వస్తుంది, చిన్న అడాప్టరు చాలు. ఆ నాలుగూ లేకపోతే ఆ అడాప్టరు పనిచేయదు, చిప్పు ఉన్న కన్వర్టరే కావాలి.

ఆరవ మెట్టు: "అవుట్ ఆఫ్ రేంజ్"

కొన్నిసార్లు స్విచ్చి వేయగానే కంపెనీ పేరు తెర మీద చక్కగా వస్తుంది. విండోస్ తెరుచుకునే సమయానికి తెర నల్లబడి "అవుట్ ఆఫ్ రేంజ్" అనో, "ఇన్‌పుట్ నాట్ సపోర్టెడ్" అనో పడుతుంది. ఇలా జరిగితే సంతోషించండి. మానిటర్, వైరు, కన్వర్టర్ మూడూ బాగున్నాయని దాని అర్థం. కంప్యూటర్ పంపే బొమ్మ కొలత మాత్రం మానిటర్ శక్తికి మించింది.

ముగ్గు వేసే అక్కచెల్లెళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. తెర మీది బొమ్మ కూడా చుక్కల లెక్కే. అడ్డంగా ఎన్ని చుక్కలు, నిలువుగా ఎన్ని చుక్కలు అన్నదానినే రిజల్యూషన్ అంటారు. 15 అంగుళాల పాత పలుచని మానిటర్లకు మామూలుగా 1024, 768 చుక్కలు. చదరంగా కనిపించే 17, 19 అంగుళాల వాటికి 1280, 1024. పద్దెనిమిదిన్నర అంగుళాల వెడల్పు వాటికి ఎక్కువగా 1366, 768. కొత్త కంప్యూటర్ తరచు 1920, 1080 చుక్కల బొమ్మ పంపుతుంది. ముంగిలి పట్టనంత ముగ్గు వేయబోయినట్లవుతుంది. సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మార్చాలన్నది కూడా చూడాలి, పలుచని పాత మానిటర్‌కు 60 సార్లు క్షేమం.

కంప్యూటర్‌కు మానిటర్ శక్తి ముందే తెలియదా అని అడగవచ్చు. తెలియాలి. మానిటర్ తన కొలతలను వైరులోని రెండు పిన్నుల ద్వారా చెబుతుంది. కాని మరీ పాత మానిటర్లకు ఆ ఏర్పాటు ఉండకపోవచ్చు. చౌక వైర్లలో ఆ పిన్నులే ఉండకపోవచ్చు. అప్పుడు కంప్యూటర్ తన ఊహ ప్రకారం పంపుతుంది.

సరిచేసే పద్ధతి ఇది. హెచ్.డి.ఎం.ఐ. రంధ్రం ఉన్న టీవీని గాని, వేరే మానిటర్‌ను గాని అరువు తెచ్చి సి.పి.యు.కు ఉన్న రెండవ రంధ్రానికి కలపండి. దాని మీద విండోస్ కనబడుతుంది. ఖాళీ చోట మౌసు కుడి బటన్ నొక్కి "డిస్‌ప్లే సెట్టింగ్స్" తెరవండి. అక్కడ ఒకటి, రెండు అని తెరల గుర్తులు ఉంటాయి. పాత మానిటర్ గుర్తును ఎంచుకుని, రిజల్యూషన్‌ను ముందుగా 1024, 768కి తగ్గించండి. "అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే"లో 60 హెర్ట్జ్ పెట్టండి. పాత తెర వెలుగుతుంది. మార్పును ఉంచమంటారా అని కంప్యూటర్ అడుగుతుంది. పదిహేను సెకన్లలో జవాబు ఇవ్వకపోతే పాత కొలతకే వెళ్ళిపోతుంది కనుక "కీప్ ఛేంజెస్" నొక్కాలి. ఆ తరువాత మానిటర్‌కు తగిన కొలతకు పెంచుకోవచ్చు. పాల లెక్క తెరిచి అన్ని గడులు కనబడుతున్నవో లేదో చూసి, అరువు టీవీని తీసి, కంప్యూటర్‌ను ఒకసారి మూసి మళ్ళీ తెరవాలి. అప్పుడు కూడా తెర వెలిగితేనే పని పూర్తయినట్లు.

తెర వెలిగినా బొమ్మ సరిగా లేనప్పుడు

బొమ్మ ఒక పక్కకు జరిగినా, అంచులు తెగినా: మానిటర్ మీది "ఆటో" బటన్ నొక్కి కొద్ది క్షణాలు ఆగాలి.

అక్షరాలు మసకగా ఉంటే: రిజల్యూషన్ మానిటర్ అసలు చుక్కల లెక్కకు సమానంగా లేదు. సమానం చేసి, ఆపై "ఆటో" నొక్కాలి.

అక్షరాల పక్కన నీడలు పడితే: వైరు మరీ పొడవైనది లేదా నాసిరకం. పొట్టి వైరు వాడాలి.

బొమ్మ అలలుగా కదిలితే: గాజు గొట్టం మానిటర్ అయితే స్పీకరు, మోటారు, స్టెబిలైజరు దగ్గర ఉన్నాయేమో చూసి దూరం జరపాలి. పలుచని మానిటర్ అయితే ఎర్తింగు చూపించాలి.

గాజు తెర మూలల్లో రంగు మచ్చలు ఉంటే: అయస్కాంతం ప్రభావం. మెనూలో "డీగాస్" అని ఉంటే ఒకసారి నొక్కాలి.

ఎప్పుడు కొనవచ్చు?

ఇంత చెప్పామని పాత మానిటర్‌ను ఎప్పటికీ వదలరాదని కాదు. మంచి వైరుతో, వేరే కంప్యూటర్‌కు కలిపి చూసినా వెలగకపోతే, లేదా బాగుచేసే ఖర్చు కొత్తదాని ధరకు దగ్గరైతే, కొనడమే మంచిది. గాజు గొట్టం మానిటర్ కరెంటు కూడా ఎక్కువ తీసుకుంటుంది. కాని కొనుగోలు తీర్మానంలో ఏ పరీక్షలు చేశారో, ఏమి తేలిందో నాలుగు వరుసలు రాయవలెను. కొత్తది కొనేటప్పుడు సి.పి.యు.కు ఉన్న రంధ్రం ఏదో ముందు చూసుకుని, అదే రకం రంధ్రం ఉన్నది కొంటే కన్వర్టర్ ఖర్చు కూడా ఉండదు.

పాతదానిని పగులగొట్టరాదు, చెత్తకుప్పలో వేయరాదు. గాజు గొట్టంలో సీసం ఉంటుంది. అది నేలలోకి, నీటిలోకి, గడ్డిలోకి, చివరకు పశువులోకి చేరుతుంది. 2022 ఇ-వ్యర్థాల నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. వాటి ప్రకారం ఇటువంటి సామాను నమోదైన రీసైక్లింగ్ సంస్థకు చేరాలి.

ఆ సంఘంలో చివరకు ఏమయింది

మొదట చెప్పిన సంఘంలో మేము ఇదే వరుస పాటించాము. మానిటర్ దీపం వెలిగింది. బొమ్మ వైరు తీయగా "నో సిగ్నల్" అని చూపింది. నమ్ లాక్ దీపం వెలిగి ఆరింది. అంటే రెండూ బతికే ఉన్నాయి. మధ్యనున్న వైరును చూడగా అది చిప్పు లేని వట్టి వైరు. కార్యదర్శి గారు మోసం చేయలేదు, మోసపోయారు. పాలకవర్గ సభ్యుడు ఒకరు పట్నం వెళ్ళి కొన్ని వందల రూపాయల కన్వర్టర్ తెచ్చారు. ఈసారి కంపెనీ పేరు వచ్చి, ఆ వెంటనే "అవుట్ ఆఫ్ రేంజ్" అని పడింది. అధ్యక్షుల వారి ఇంటి టీవీని బల్ల మీద పెట్టి రెండవ రంధ్రానికి కలిపి, కొలత తగ్గించాము. పాత తెర వెలిగింది.

ఉదయం అడిగిన వృద్ధురాలు సాయంత్రం పాలతో వచ్చింది. ఆమె నంబరు కొట్టించి, కొత్త పెట్టెలో ఉన్న లెక్కను పూట పూట చదివి వినిపించాము. చేతి రిజిస్టర్‌లోని నాలుగు రోజుల అంకెలను కూడా ఆమె ముందే ఎక్కించారు. ఆమె తన చీటీలను కొంగు ముడి నుంచి తీసి మనవడితో సరిచూయించింది. ఒక్క పూట కూడా తేడా రాలేదు. "అయితే లెక్క లోపలే ఉందన్న మాట" అని చీటీలు మళ్ళీ కొంగున ముడి వేసుకుంది. మరునాడు బిల్లులు ఇచ్చారు. కొత్త మానిటర్ తీర్మానాన్ని పాలకవర్గం ఉపసంహరించుకుంది.

సభ్యులు ఆ చీటీలను దాచుకోవడం చాలా మంచి అలవాటు. కంప్యూటర్ లెక్కకు ప్రతి వారం మరొక నకలు తీసి వేరే చోట భద్రపరచడం అంతకన్నా అవసరం. తెర పోతే లెక్క పోదు గాని, డిస్కే పోతే పోగలదు.

చర్చకు ప్రశ్నలు

సంఘం సమావేశంలో ఈ ప్రశ్నలు అడిగి, జవాబులు సభ్యుల చేత చెప్పించవలెను.

1. మన సంఘంలో సి.పి.యు.కు, మానిటర్‌కు ఉన్న రంధ్రాలు ఏవి? మానిటర్ చుక్కల లెక్క ఎంత? ఈ వివరాలు సామాను రిజిస్టర్‌లో రాసి ఉన్నాయా?

2. రేపు ఉదయం తెర వెలగకపోతే చేతి రిజిస్టర్ ఎక్కడ ఉన్నది? దానిపై సంతకం చేసే పాలకవర్గ సభ్యుడు ఎవరు?

3. "నో సిగ్నల్", "అవుట్ ఆఫ్ రేంజ్" అనే రెండు మాటలకు తేడా ఏమిటి?

4. తెల్లని తెర పసుపుగా మారితే ముందు మార్చవలసినది ఏది?

5. లెక్కల నకలు చివరిసారి ఏ తేదీన తీశారు? అది ఎవరి వద్ద ఉన్నది?

అయిదవ ప్రశ్నకు వెంటనే జవాబు రాకపోతే, మిగతా నాలుగూ పక్కన పెట్టి ముందు ఆ పని పూర్తి చేయవలసిందిగా కోరుతున్నాము.